పక్షవాత రోగులు – మాయాలోకపు యంత్రములు

పక్షవాతమున బడినవాని ప్రాణము నిల్చిన తోడనే వైద్యుని పని ముగిసినదని మనలో పెక్కురు తలంచుచున్నారు. నిజమైన కష్టము ఇంటికి వచ్చిన పిమ్మటనే ప్రారంభమగును. వారాసిగూడ సందులలో మేడమీది గదికి మోసికొనిపోబడిన గృహస్థు మరల మెట్లు దిగునా, తన చేతితో తాను అన్నము కలుపుకొనగల్గునా యనునదియే ఆ కుటుంబమునకు జీవన్మరణ సమస్య.

మెదడునందలి నెత్తురునాళము పూడుటచేతనో చిట్లుటచేతనో అందొక భాగము నశించును. అయినను మిగిలిన భాగములు దాని పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. ఆ నేర్పునకు మూలము అభ్యాసము. ఒకే కదలికను వందలమారులు చేయుట. మొదటి మాసముల అభ్యాసమునకే ఫలమధికము. కాని చికిత్సకులు కొలదిమంది, రోగులు వేలమంది. ఆ అమూల్యకాలము మంచముమీదనే గడచిపోవుచున్నది.

ఈ కొఱత తీర్చుటకై వర్చువల్ రియాలిటీ అను సాధనము వచ్చినది. కన్నులకు యంత్రమును తగిలించుకొన్న రోగి యెదుట కల్పితలోకమొకటి కన్పట్టును. అందాతడు పండ్లు కోయును, కడవ నింపును. చేయి ఎంతవరకు లేచినదో యంత్రమే లెక్కగట్టి చూపును. విసువు పుట్టించు వ్యాయామము వినోదమగును.

అట్లని యంత్రమును జూచి మురిసిపోవుట తగదు. 2016లో ప్రకటితమైన పరిశోధన యొకదానియందు, నాలుగు దేశముల 141 మంది రోగులలో కొందఱిచే తెరమీది ఆటలను, కొందఱిచే పేక, డామినోల వంటి సామాన్యపుటాటలను ఆడించి చూడగా ఫలము సమానముగనే యుండెను. 2017లో కోక్రేన్ సంస్థవారు 72 పరీక్షలను, 2470 మంది రోగుల వృత్తాంతమును సమీక్షించి, చేతిశక్తి విషయమున ఈ సాధనము మామూలు చికిత్సను మించినది కాదనియు, దానికి తోడుగ వాడి అభ్యాసకాలమును పెంచినచో మేలు గల్గవచ్చుననియు తేల్చిరి.

ఇంటివారే చేయింపరాదా యని కొందఱడుగుదురు. మన దేశముననే 14 ఆసుపత్రులలో 1250 మంది రోగుల విషయమై, ఇంటివారికి శిక్షణనిచ్చి చూచిరి. 2017లో ప్రకటితమైన ఫలితము నిరాశాకరము: ఆఱు మాసముల పిమ్మట మరణములుగాని పరాధీనతగాని తగ్గలేదు. యంత్రమొక్కటియు చాలదు, మమకారమొక్కటియు చాలదు. శిక్షితుడైన చికిత్సకుడు నడుమ నుండవలయును.

కావున మా సూచన యిది. వారాసిగూడకు ఒకవంక ఉస్మానియా విశ్వవిద్యాలయము, వేఱొకవంక 2003లో ముషీరాబాదునకు తరలివచ్చిన గాంధీ ఆసుపత్రి కలవు. ఒకచోట యంత్రశాస్త్రజ్ఞులు, ఇంకొకచోట రోగులు. నడుమ దూరము స్వల్పమే. వీరు చేయి కలిపినచో తెలుగున మాటాడునదియు, మన వంటయింటిని, మన పొలమును జూపునదియు నగు చౌక సాధనము ఇచ్చటనే సిద్ధము కాగలదు. పరదేశపు యంత్రమునకై చేయి చాచి కూర్చుండ నక్కఱలేదు. 2018 నుండి వెలసిన బస్తీ దవాఖానాలకు వారమునకు రెండుదినములైన వ్యాయామ చికిత్సకుని పంపి, ఆ సాధనమును అతని కనుసన్నలలోనే వాడింపవలయును. తల తిరిగి రోగి పడిపోవు ప్రమాదమును మఱువరాదు.

ధనము లేదని ప్రభుత్వము వారందురేమో. సంపాదించు చేయి పడిపోయినచో ఇల్లంతయు పడిపోవును. ఆ నష్టమును ఏ లెక్కలో వ్రాయుదురు? గృహస్థులకును మా మాట యొకటి: యంత్రపు తళుకును జూచి పొలములమ్ముకొనకుడు. దినమున కెన్ని గంటల అభ్యాసము, ఎవరి పర్యవేక్షణమున నని ముందుగ నడుగుడు.