కెప్టెన్ కుర్చీలో కూర్చుంటే హీరో అయిపోతాడా?

కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో దిగేలోపు ఫోన్‌లో 'స్టార్ ట్రెక్' ఓ పది నిమిషాలు చూడొచ్చు. మిగతాది రాత్రి తార్నాక రూమ్‌లో. అక్కడే గొడవ మొదలైంది. "హీరో ఇంకెవడ్రా? కెప్టెన్ కర్క్!" అన్నాడు రూమ్మేట్. నేను ఒప్పుకోలేదు.

నిజమే, టైటిల్స్‌లో మొదటి పేరు కర్క్ పాత్ర వేసిన షాట్నర్‌దే. ఆఖరి ఆర్డర్ కూడా కర్క్‌దే. కానీ ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. 1966లో సిరీస్ రాకముందు తీసిన మొదటి పైలట్‌లో కెప్టెన్ పేరు పైక్. ఛానల్ వద్దంది. రెండో పైలట్‌కి కెప్టెన్ మారిపోయాడు, స్పాక్ మాత్రం ఉండిపోయాడు. ఆ సిరీస్ నడిచిన మూడు సీజన్లకూ స్పాక్‌గా చేసిన లియోనార్డ్ నిమోయ్‌కి ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. కర్క్ పాత్రకి షాట్నర్‌కి ఒక్కటీ రాలేదు.

2017లో వచ్చిన 'డిస్కవరీ' అయితే ఓపెన్‌గానే చెప్పేసింది. లీడ్ మైకేల్ బర్నమ్. ఆమె కెప్టెన్ అయ్యింది మూడో సీజన్ చివర్లో! అప్పటిదాకా కథ ఎవరిది మరి?

"పికార్డ్ సంగతేంటి?" అంటారా? 'ది ఇన్నర్ లైట్' ఎపిసోడ్ చూడండి. అందులో ఆయన మన మనసులో నిలిచిపోయేది కెప్టెన్‌గా కాదు, వేరే గ్రహం మీద ఇల్లు, పిల్లలు ఉన్న మామూలు మనిషిగా.

నిజజీవితంలోనూ అంతే. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో వెళ్లిన రాకేశ్ శర్మ మన నిజాం కాలేజీలో చదివినాయనే. ఆ నౌక కమాండర్ మాత్రం యూరీ మాలిషెవ్. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు?

నా లెక్క సింపుల్. కెప్టెన్ అనేది ఉద్యోగం. లీడ్ అంటే కథ ఎవరిని ఇరకాటంలో పెడుతుందో వాళ్లు. ఫోన్ బాక్స్ మీద ప్రాసెసర్ పేరు పెద్దగా ఉంటుంది, సాయంత్రం దాకా మనల్ని లాక్కొచ్చేది బ్యాటరీ.

ఇదంతా నాకెందుకంటే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో టీమ్ లీడర్‌ని నేనే. స్లైడ్స్ చూపించి చప్పట్లు కొట్టించుకున్నా. వైవాలో "సెన్సర్ రీడింగ్ ఎందుకు తప్పుతోంది?" అనగానే నోరు పెగల్లేదు. జవాబు చెప్పింది రెండు వారాలు రాత్రుళ్లు కూర్చుని సాల్డరింగ్ చేసిన కుర్రాడు. రిపోర్టులో వాడి పేరు ఆఖర్న వేసింది కూడా నేనే.

ఈసారి ఎపిసోడ్ చూసేటప్పుడు కుర్చీ వైపు కాదు, దాని వెనక నిలబడ్డవాళ్ల వైపు చూడండి.