నొప్పి వేళ మనసుకొక పని

అల్లరి చేసే పిల్లవాణ్ణి అదుపులో పెట్టడానికి మన ఇళ్లలో తరచూ వినిపించే బెదిరింపు ఒకటి ఉంది: "మాట వినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తాను." అదే పిల్లవాడికి నిజంగా సూది వేయించవలసి వచ్చిన రోజున మాత్రం, "ఏం కాదు బేటా, అస్సలు నొప్పి పుట్టదు" అంటాము. మొదటి మాట వైద్యాన్ని శిక్షగా మార్చింది. రెండవ మాట మన మీది నమ్మకాన్ని పోగొట్టింది. ఆ భయం పెద్దయ్యాక కూడా వదలక, రక్తపరీక్షను, పంటి చికిత్సను వాయిదా వేస్తూ జబ్బును ముదరబెట్టుకొనేవారు మన మధ్యనే ఉన్నారు.

నొప్పిలో శరీరానికి ఎంత భాగం ఉందో ధ్యాసకూ అంత భాగం ఉంది. కబడ్డీ ఆడుతున్న కుర్రవాడికి మోకాలు చీరుకుపోయిన సంగతి ఆట ముగిసి, రక్తం కంటబడేదాకా తెలియదు. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు దీనికొక వివరణ ఇచ్చారు. గాయం నుండి బయలుదేరిన సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటును దాటి మెదడును చేరుతాయనీ, మెదడు నుండి దిగివచ్చే సంకేతాలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవనీ వారి సిద్ధాంతం. అందులోని వివరాలు తరువాత సవరణలకు లోనయ్యాయి గాని, భయం నొప్పిని పెంచుతుందనీ, ధ్యాస మళ్లితే నొప్పి తగ్గుతుందనీ చెప్పే మూల విషయం నిలిచింది.

కాలిన గాయాలకు కట్టు మార్చడం ఎంత బాధాకరమో అనుభవించినవారికే తెలుసు. అమెరికాలోని సియాటిల్ నగరంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే పరిశోధకులు ఇటువంటి రోగుల కోసం 'స్నో వరల్డ్' అనే కంప్యూటర్ ఆటను వినియోగించారు. కళ్లకు పరికరం తగిలించుకున్న రోగి మంచు లోయలో విహరిస్తూ మంచు ముద్దలు విసురుతుంటాడు. ఆ సమయంలో కట్టు మార్చే పని సాగిపోతుంది. మందులతో పాటు ఈ ఆట కూడా తోడైనప్పుడు రోగులు తక్కువ నొప్పిని అనుభవించినట్లు చెప్పారు.

పరికరం కొత్తదే గాని ఆలోచన పాతది. ఒట్టోమన్ సుల్తాన్ రెండవ బాయజీద్ ఎదిర్నే నగరంలో కట్టించిన వైద్యశాల 1488లో పూర్తయింది. గుమ్మటం కింద నీటి ఊట ఉన్న ఆ వైద్యశాలలో రోగులకు వారానికి మూడుసార్లు సంగీతం వినిపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి రాశాడు.

ఇక మన ఇళ్లకు వస్తే, ఖత్నా చేసేటప్పుడు "అదిగో పైన బంగారు పిట్ట!" అనడం తరతరాల అలవాటు. పిల్లవాడు తలెత్తుతాడు, కత్తి పని ముగుస్తుంది. ధ్యాస మళ్లించడంలోని మర్మం ఆ పెద్దలకు తెలుసు. కాని అక్కడ పిట్ట లేదు, ఏం జరగబోతోందో ముందు చెప్పిన మాటా లేదు. మోసపోయానన్న బాధ గాయం మానిన తరువాత కూడా మిగలవచ్చు. నేడు ఖత్నాను మత్తు ఇచ్చి చేసే వైద్యుల వద్దనే చేయించాలి. పిల్లవాడికి తన వయసుకు అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పాలి: "కాసేపు చురుక్కుమంటుంది. నేను పక్కనే ఉంటాను. మనం అప్పుడు ఒక ఆట ఆడుకుందాం."

ఆ ఆట ఏదై ఉండాలి? టీకాల వేళ నొప్పి తగ్గించడంపై 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనలు ఇంటింటికీ పనికివస్తాయి. చంటిబిడ్డను తల్లి ఒడిలో ఉంచుకొని పాలిస్తూ సూది వేయించవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు బొమ్మలు, వీడియోలు, కబుర్లు ఉపకరిస్తాయి. ఊరకే చూసే దానికంటే తాను చేసే పని పిల్లవాడి మనసును గట్టిగా పట్టి ఉంచుతుంది. సబ్బునీటి బుడగలు ఊదించండి, గోడ మీది పటంలో పిల్లిని వెదకమనండి, ఇరవై నుండి వెనక్కి లెక్కపెట్టించండి. సూది కనిపించక ముందే మొదలుపెట్టి, తీసిన తరువాత కూడా కాసేపు కొనసాగించండి.

పెద్దలకూ ఈ అవసరం ఉంది. మత్తుమందు కంటికే పరిమితమై, మెలకువతో కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకొనే నానమ్మకు, డయాలిసిస్ సూదుల కోసం చేయి చాపిన తండ్రికి, పక్కన కూర్చుని పాత సంగతులు అడిగేవారు కావాలి. ఆపరేషన్ గదిలోకి మనల్ని రానివ్వకపోవచ్చు. గుమ్మం దాకా తోడుండవచ్చు. జిక్ర్‌లో నిమగ్నమైన పెద్దవారిని మధ్యలో పలకరించనక్కర లేదు. వారి ధ్యాస తనకు తానే ఒక చోటు వెదుక్కుంది. కొందరు సూదిని చూస్తూ ఉంటేనే ధైర్యంగా ఉంటారు. వారి ముఖం బలవంతంగా తిప్పకూడదు.

ఒక హెచ్చరిక అవసరం. ధ్యాస మళ్లించడం మందుకు తోడే గాని మందుకు బదులు కాదు. "ఓర్చుకో, వేరే ఏదైనా తలచుకో" అంటూ నొప్పి చెప్పుకొనేవారి నోరు మూయించకూడదు. భరించలేని నొప్పి అని రోగి అంటే వెంటనే వైద్యునికి తెలపాలి, మత్తు చాలిందో లేదో అడగాలి.

ఈసారి ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు మందుల చీటీలతో పాటు పిల్లవాడికి ఇష్టమైన బొమ్మల పుస్తకం కూడా సంచిలో పెట్టుకుందాం. ఇంట్లో అల్లరిని ఆపడానికి సూది పేరు ఎత్తడం ఈ రోజు నుండే మానుకుందాం.