షటిల్‌కి గాలి పడదు

పీజీలో మాకు ‘క్రీడల జాగ్రఫీ’ అని ఒక ఎలక్టివ్ ఉండేది. మార్కులు ఈజీగా పడతాయని సీనియర్లు చెబితే తీసుకున్నా. అంతకుమించి ఆశయమేమీ లేదు. జాగ్రఫీ అంటే నదులు, పంటలు, రాజధానులు... ఆటలకి మ్యాపేంటి అనుకునేవాడిని.

జాన్ రూనీ అని ఒక అమెరికన్ ప్రొఫెసర్. ఆయన చేసింది వింటే చాలా మామూలు పనిలా ఉంటుంది. ఏ ఆటగాడిది ఏ ఊరో లెక్కపెట్టాడు. ఆ లెక్కని అక్కడి జనాభాతో పోల్చాడు. 1974లో పుస్తకం వేశాడు. కొన్ని ప్రాంతాల నుంచి జనాభాకి మించి ఆటగాళ్లు వస్తున్నారు, కొన్నిచోట్ల నుంచి నామమాత్రమే. టాలెంట్‌ని దేవుడు జిల్లాలవారీ కోటా పెట్టి పంచడు కదా! మరి తేడా ఎక్కడొస్తోంది?

అసైన్‌మెంట్‌కి నేను షటిల్ ఎంచుకున్నా. మ్యాపులో గచ్చిబౌలి దగ్గర ఎర్రచుక్క పెట్టా. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ అకాడమీ అక్కడే. 2012 లండన్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం ఆ చుక్క లోంచే వచ్చాయి. గుంటూరు కుర్రాడు శ్రీకాంత్ అక్కడికే వచ్చి నేర్చుకున్నాడు. సింధు చిన్నప్పుడు మారేడ్‌పల్లి నుంచి రోజూ వెళ్లొచ్చేది. రానూపోనూ 50 కిలోమీటర్ల పైమాటే. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, రమణగారికైతే అర్జున అవార్డు కూడా ఉంది. ఆ దూరం ఎందుకు తిరగాలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక మా ఊరు. బందరు పక్కన పల్లె. ఇక్కడ కబడ్డీకి మట్టి చాలు, క్రికెట్‌కి కోతలైన పొలం చాలు. షటిల్‌కి అలా కుదరదు. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు కోర్టు ఒక్కటే కాదు, చుట్టూ గోడలు, పైన కప్పు కావాలి. ఎందుకంటే కాక్‌కి గాలి పడదు. మధ్యాహ్నం దాటితే మాకు సముద్రపు గాలి మొదలు. మా చెల్లి ములగచెట్టుకీ కరెంటు స్తంభానికీ అమ్మ పాతచీర కట్టి ఆడేది. కొట్టిన కాక్ ఎదురింటి పెంకుల మీద తేలేది. అయినా ఆ గాలిలోనే నన్ను చిత్తుగా ఓడించేది. కప్పున్న కోర్టు 14 కిలోమీటర్ల దూరంలో ఉంది. సాయంత్రం వెళ్తే తిరిగి రావడానికి బస్సు లేదు. టెన్త్‌లో మానేసింది.

అసైన్‌మెంట్‌లో ఇదంతా రాసి, కారణాల దగ్గర ‘గాలి, దూరం, రవాణా’ అని పెట్టా. మంచి మార్కులే పడ్డాయి. మొన్న పండక్కి వెళ్లినప్పుడు ఫోన్లో ఆ మ్యాపు చెల్లికి చూపించా. జూమ్ చేసి చాలాసేపు చూసింది.

“సింధుకి యాభై, నాకు పద్నాలుగేనా అన్నయ్యా?” అంది.

అప్పట్లో ఇంట్లో బండి నా దగ్గరే ఉండేది. సాయంత్రాలు నాకు క్రికెట్ ఉండేది.