వెలిమెల నేలకు పాతధర

2001లో మెదకు జిల్లాలో పల్లెగా నుండిన వెలిమెల నేడు సంగారెడ్డి జిల్లాలో నగరపు టంచున నున్నది. అచట పెద్దలనాటి యింటిస్థలము నమ్మువాడు లాభముపై ఆదాయపు పన్ను చెల్లింపవలెను గదా. ఆ లాభము తేల్చుటకు 2001 ఏప్రిలు 1 నాటి బజారువిలువను కొన్నధరగా చూపుకొనవచ్చును. కాని యా విలువ నాటి రిజిస్ట్రేషను పుస్తకపు ధరను మించరాదని 2020 నాటి ఆర్థిక శాసనము కట్టడి చేసినది. స్టాంపు సుంకమునకై సర్కారు వ్రాసికొన్న ధర యది. బజారున పలికిన ధర కాదు. అది యెంత తగ్గిన లాభ మంత పెరిగి కనబడును, పన్నును పెరుగును.

కొందఱు మదింపుదారులు పాతధరల నుబ్బించి చూపిన మాట మే మెఱుగుదుము. అందులకు అందఱిని దండింపనేల? నేటి అమ్మకపు ధర పుస్తకపు ధరకు తగ్గి తగవు వచ్చినచో మదింపు అధికారిచే విచారణ కోరు దారిని శాసనమే చూపుచున్నది. 2001 ధర విషయమున నా దారి లేదు! తన పుస్తకము తప్పు కావచ్చునని సర్కా రొకచోట నొప్పుకొని, మఱియొకచోట దానినే వేదమనుచున్నది. ఆ విచారణహక్కు నిచటను ఈయవలెను. 2001 నాటి ధరలను గ్రామముల వారిగా ప్రకటించి పఠనాలయములలో నుంచవలెను. ఈ రెండవ పనికి ఢిల్లీ వైపు చూడనక్కఱలేదు. హైదరాబాదు తలచుకొన్న చాలును.