గాజుకి జీఐ ట్యాగ్ వచ్చింది, మరి మణికట్టుకి?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మెరిసే హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. మంచిదే. ఈ వారం మాత్రం గాజు గురించి కాదు, దాన్ని చేసే చేతి గురించి మాట్లాడుకుందాం.

లక్కని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుడతారు. వేడి ఉండగానే ఒక్కో రాయినీ అద్దాలి. చల్లారితే లక్క గట్టిపడిపోతుంది. అంటే గాజు మధ్యలో ఉండగా 'ఒక్క నిమిషం ఆగుదాం' అనే ఆప్షనే లేదు. నేల మీద కూర్చుని, మెడ వంచి, బొటనవేలు, చూపుడువేలితో నొక్కుతూనే ఉండాలి.

అలా గంటల తరబడి నొక్కితే ఏమవుతుంది? మన మణికట్టులో ఒక ఇరుకు దారి ఉంటుంది. వేళ్లని వంచే 9 టెండన్లు, ఒక నరం అందులోంచే వెళ్తాయి. ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేస్తే అక్కడ వాపొచ్చి నరం నలుగుతుంది. రాత్రిళ్లు బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇదే కార్పల్ టనెల్ సిండ్రోమ్. ఐఎల్‌ఓ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో దీని పేరుంది. కాబట్టి 'వయసు మీద పడింది' అని సర్దుకుపోవాల్సిన నొప్పి కాదిది.

మౌస్ పట్టినా, రాళ్లు అద్దినా మణికట్టుకి ఒకటే. తేడా జేబులో తెలుస్తుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి డాక్టర్ చీటీ చూపిస్తే సిక్ లీవ్ దొరుకుతుంది. పీసు లెక్కన పనిచేసేవాళ్లకి రెస్ట్ అంటే ఆరోజు కూలి పోయినట్టే. ఈఎస్‌ఐ తప్పనిసరి కావాలంటే మామూలుగా పనిచేసే చోట కనీసం 10 మంది ఉండాలి. ఇంట్లో నలుగురు కూర్చుని చేసే పని ఆ లెక్కలోకి రాదు.

చేయగలిగినవి ఉన్నాయి. పనిని పీట మీద పెట్టి మోచేతి ఎత్తుకి తెస్తే మెడ అంతగా వంగదు. పనిముట్టు పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే వేళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒక గాజు అయ్యాక, ఇంకోటి మొదలెట్టే ముందు నిమిషం సేపు చేతులు విదిలించాలి. రాళ్లు అద్దేవాళ్లూ లక్క సాగదీసేవాళ్లూ పని మార్చుకుంటూ ఉండాలి. తిమ్మిరి మొదలైతే బామ్ రాసుకుని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

పీటకి, గుడ్డకి పెద్ద ఖర్చు లేదు. ఆ నిమిషం విరామానికే డబ్బు కావాలి. అది పీసు రేటులో కలిస్తే తప్ప ఎవరూ ఆగరు. ఈసారి లాడ్ బజార్‌లో జత మీద ఇంకో 50 తగ్గించమని బేరమాడే ముందు, ఆ 50 ఎవరి కూలిలోంచి పోతుందో ఒకసారి ఆలోచించండి.