కొనలో ఉన్న గ్రాము



మన చెరువు గట్ల మీద గాలం వేసే పెద్దలకు రింగుల సంగతి అక్కర లేదు. వెదురు కర్ర కొనకు నైలాన్ దారం కట్టి, ఒక బెండు, ఎర గుచ్చిన కొక్కెం తగిలిస్తే చాలు. రీలు ఉన్న కర్ర సంగతి వేరు. రీలులో నుంచి వచ్చే దారం కర్ర పొడవునా వరుసగా బిగించిన రింగుల గుండా నడిచి కొన దాటి వెళుతుంది. ఈ రింగులనే గైడ్లు అంటారు. కర్ర ఎంత మేలైనదైనా రింగుల ఎంపిక తప్పితే దాని గుణమంతా పోతుంది. ఈ మధ్య మా సంఘంలోని ఒక కుటుంబంలో ఈ సంగతి కళ్ళారా చూశాను.

ఆ ఇంటి పెద్దాయన గోదావరి పాయల్లో పండుగప్పలు పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. పక్షవాతం వచ్చి కుడిచేతి బలం సగం పోయింది. నడక తిరిగి వచ్చింది గాని, పాత కర్ర ఎత్తలేక గట్టున కూర్చుని నీళ్ళవంక చూస్తూ ఉండేవాడు. అది చూడలేక కుమారుడు, తండ్రి చేతికి తగిన కర్ర తానే కట్టాలనుకున్నాడు. రింగులు లేని ఏడడుగుల కార్బన్ కర్ర తెప్పించాడు. దీన్ని బ్లాంక్ అంటారు. చేతిలోకి తీసుకుంటే ఈకలాగా ఉంది.

అయితే గట్టిగా ఉండాలన్న ఆశతో, రెండు కాళ్ళతో కర్రకు బిగిసే పెద్ద స్టీలు రింగులు ఆరు కట్టాడు. రీలు దగ్గర 30 నంబరు, కొనకు వచ్చేసరికి 10. ఈ నంబరు సుమారుగా రింగు వెలుపలి అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. పదిసార్లు విసిరేసరికి పెద్దాయన చెయ్యి వణికింది. "ఒరేయ్ అబ్బాయ్, దీని మూతి బరువుగా ఉందిరా. ఇక నా చేతికి గాలం రాదులే" అని కర్రను గోడకు ఆనించేశాడు.

సెలవు దినాల్లో గాలాలు బాగుచేసుకునే అలవాటు నాకు ఉంది గనుక ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, అంత తేలిక కర్రకు ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందండీ?" అని అడిగాడు.

జవాబు కొనలో ఉంది. చేతికి మూడడుగుల దూరంలో ఉన్న గ్రాము కంటే ఆరడుగుల దూరంలో ఉన్న గ్రాము, కర్రను పట్టుకుని నిలిపినప్పుడు రెండింతలు లాగుతుంది. కర్రను ఊపినప్పుడు నాలుగింతలు ఎదురు తిరుగుతుంది. పైగా రెండు కాళ్ళ రింగుకు రెండు చోట్ల దారం చుట్టాలి, రెండు చోట్ల ఎపాక్సీ పూయాలి. ఆ బరువు కూడా కొనకే చేరుతుంది. వంగిన కర్ర చప్పున నిటారుకాక ఊగుతూనే ఉంటుంది. విసురు దూరం పోదు, చేప తాకిడి చేతికి తెలియదు.

అలాగని అన్నీ చిన్న రింగులే వేయకూడదు. స్పిన్నింగ్ రీలు నుంచి దారం చుట్టలు చుట్టలుగా లేస్తుంది. మొదటి రింగు ఎత్తుగా, తగినంత వెడల్పుగా ఉండి ఆ చుట్టలను అదుపు చేయాలి. ఆ తర్వాత వేగంగా చిన్నవైపోవచ్చు. మేము 20, 10, అక్కడి నుంచి కొన వరకు 6 నంబరు ఒంటికాలు రింగులు ఎంచుకున్నాం. కొనది కాక మొత్తం ఎనిమిది. సంఖ్య పెరిగినా బరువు తగ్గింది. ఇంకా చిన్నవి ఉన్నాయి గాని, దారానికి దారం కలిపిన ముడి వాటిలో తట్టుకుంటుంది. అందుకే ముడి వేసి లాగి చూసిన తర్వాతనే 6 నంబరును ఖాయం చేశాం.

లోపలి వలయం కూడా ముఖ్యమే. బ్రెయిడ్ అనే అల్లిన దారం మెత్తని లోహపు రింగులో గాడి పెడుతుంది. తర్వాత ఆ గాడి అంచే దారాన్ని కోస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ వలయం దీన్ని బాగానే ఓర్చుకుంటుంది. సిలికాన్ కార్బైడ్ అంతకంటే గట్టిది, నునుపైనది, కాని ఖరీదు ఎక్కువ. చట్రాల్లో టైటానియం స్టీలుకంటే తేలిక, ఉప్పునీటికి తుప్పుపట్టదు. అయితే జేబు చూసుకోవాలి కదా! అందుచేత కొన వైపు నాలుగు మాత్రమే టైటానియంవి తీసుకుని, కింద స్టీలువి ఉంచాం. డబ్బు తక్కువైనప్పుడు దాన్ని కొన దగ్గరే ఖర్చుపెట్టడం మేలు.

పాత రింగులు విప్పేటప్పుడు బ్లేడు రింగు కాలి లోహం మీదే నడవాలి. కార్బన్‌కు గాటు పడితే కర్ర అక్కడే విరుగుతుంది. కొత్తవాటిని ముందు టేపుతో అంటించి, దారం ఎక్కించి, చివర బరువు కట్టి కర్రను వంచి చూశాం. దారం కర్ర వంపును అనుసరించి నడవాలి. ఎక్కడైనా రెండు రింగుల మధ్య దారం వంపు విడిచి తిన్నగా సాగితే, భారం ఒకచోటే పడుతుందన్నమాట. అక్కడ రింగులను జరిపాం. ఒక సాయంకాలమంతా ఇదే పని. తర్వాతనే దారం చుట్టి, ఎపాక్సీ పలుచగా పూశాం.

మరుసటి వారం ముగ్గురం పాయ గట్టుకు వెళ్ళాం. పెద్దాయన మొదట కర్ర ముట్టలేదు. కొడుకు బలవంతం మీద ఎడమచేయి ఆసరాగా పెట్టి విసిరాడు. మళ్ళీ విసిరాడు. నేను లెక్కపెట్టడం మానేశాను. పొద్దు వాలే వేళకు దారం చుట్టుతూ హఠాత్తుగా ఆగి, "తాకిందిరా, వదిలేసింది. అయినా నాకు తెలిసింది" అన్నాడు. ఆ రోజు చేప పడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు కర్రను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మీ ఇంట్లో రీలు కర్ర ఉంటే ఈ నెల ఒక పని చేయండి. ప్రతి రింగు లోపల కాస్త దూదిని తిప్పి చూడండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే. మంచి చేప పడిన రోజున దారం తెగేది అక్కడే గనుక ముందే ఆ రింగు మార్పించుకోండి.