గ్యారేజీ గోడను తట్టి చూడండి

క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా కారుకు శీతాకాలపు టైర్లు ఉండి తీరాలి. అది చట్టం. ఒంటారియోలో అలాంటి చట్టం లేదు గానీ, ఆ టైర్లు వేయించుకున్నవాళ్ళకు బీమా కంపెనీలు 2016 నుంచి రాయితీ ఇవ్వాలి. ఇవేవీ పట్టని చోట ఉన్నవాళ్ళకు కూడా చలి 7 డిగ్రీలకు దిగేసరికి మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డు మీద పట్టు తప్పుతుందని తెలుసు. అందుకే ఈ రోజుల్లో ఇక్కడి మన తెలుగువాళ్ళ ఇళ్ళలో నాలుగు టైర్లు కారుకు ఎక్కుతాయి, నాలుగు దిగుతాయి. దిగినవి ఎక్కడికి పోతున్నాయన్నదే ఈ సంచికలో నేను మాట్లాడదలచుకున్న విషయం.

చాలా ఇళ్ళలో అవి గ్యారేజీ మూలకు పోతున్నాయి. పిల్లల సైకిళ్ళ పక్కన, గోడకు ఆనించి, తగిలితే దొర్లేలా ఉంటాయి. రెండు కార్లున్న ఇంట్లో ఎనిమిది టైర్లు. రిమ్ము లేని మామూలు కారు టైరు ఒక్కోటి 10 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఇది వద్దనుకున్నవాళ్ళు షాపులో సీజన్‌కు ఇంతని అద్దె కట్టి దాచుకుంటున్నారు. ఆ అద్దె మానేసి, ఒక శనివారం పెట్టుకుని స్టాండు మీరే కట్టుకోండని అడుగుతున్నాను. ముఖ్యంగా రామగుండం, గోదావరిఖని, మంథని వైపు నుంచి వచ్చినవాళ్ళను అడుగుతున్నాను. మన ఇళ్ళలో చాలామంది బతికింది బరువును నిలబెట్టే పని మీదే. బొగ్గు బాయిలో టింబర్‌మెన్‌లు కర్ర ప్రాపులు నిలబెట్టి, దుంగల చాక్‌లు పేర్చి, నెత్తి మీదున్న రాతిని ఆపారు. తర్వాత రూఫ్ బోల్టులు వచ్చాయి. బాయి పని మా పిల్లలకు వద్దని వాళ్ళు అనుకున్న మాట నిజమే. సుత్తి, రంపం కూడా ముట్టొద్దని ఎవరూ అనలేదు. ఆ రెండోది మనంతట మనమే తెచ్చిపెట్టుకున్నాం, అది నాకు బాధగా ఉంది.

స్టాండుకు కావలసింది ఎనిమిది అడుగుల టూ బై ఫోర్ కర్రలు ఆరు. నాలుగింటిని ఆరడుగుల దగ్గర కోస్తే నాలుగు నిలువు స్తంభాలు వస్తాయి. మిగిలిన రెండడుగుల ముక్కలు పారేయకండి, ముందు స్తంభాన్ని వెనక స్తంభంతో కలిపే అడ్డుకర్రలు అవే. మిగతా రెండు కర్రలను సగానికి కోస్తే నాలుగడుగుల పట్టీలు నాలుగు. అంతస్తుకు రెండు పట్టీలు, ఒకటి ముందు, ఒకటి వెనక. టైరు ఆ రెంటి మధ్య కూర్చుంటుంది. పట్టీల మధ్య ఎడం 14 అంగుళాలు ఉంటే 27 అంగుళాల టైరు రెండంగుళాలు కిందికి దిగి కుదురుకుంటుంది, ముందుకు దొర్లదు. కింది పట్టీ నేలకు 8 అంగుళాల ఎత్తున, పై పట్టీ 40 అంగుళాల ఎత్తున పెడితే రెండు వరసల్లో ఎనిమిది టైర్లు పడతాయి. టైర్ల బరువు పట్టీలను బయటికి నెడుతూనే ఉంటుంది కాబట్టి మేకులు చాలవు. ఆవలి వైపుకు వచ్చేలా రంధ్రం చేసి బోల్టు, వాషరు, నట్టు బిగించాలి.

ఇక అసలు పని గోడ దగ్గర. టైరు వెనక భాగం గోడకు తగలనంత ఎడం ఉంచి, వెనక పట్టీలకు ఇనుప బ్రాకెట్లు బిగించాలి. వాటి గుండా పొడవాటి మరమేకును గోడ లోపలి నిలువు కర్ర అయిన స్టడ్‌లోకి దించాలి. ఇది చేయని స్టాండు, ఎంత బాగా కట్టినా, పిల్లవాడు పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది. స్టడ్‌లు ఎక్కువగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి, నాలుగడుగుల పట్టీకి కనీసం రెండైనా దొరుకుతాయి. వెతకడానికి పరికరాలు అమ్ముతారు. నేను మాత్రం ముందు వేళ్ళతో తట్టి వినమంటాను. గనిలో కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టేది ఇందుకే. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయిన చోట శబ్దం బోలుగా వస్తుంది. అలా వస్తే ఆ రాయి దింపేదాకా, లేదా కింద సపోర్టు పడేదాకా ఎవర్నీ ముందుకు పోనివ్వరు. గ్యారేజీ గోడలో బోలుగా మోగిన చోట జిప్సం పలక వెనక ఏమీ లేదని అర్థం. అక్కడ దించిన మరమేకు పలక పిండిని పట్టుకుని ఉంటుంది, అంతే. గట్టిగా పలికిన చోట సన్నటి మేకు ఒకటి దించి చూసుకుని, అప్పుడు డ్రిల్ పట్టండి. మీ నాన్నగారు సర్దార్‌గానో ఓవర్‌మన్‌గానో చేసి ఉంటే ఆ రోజు వీడియో కాల్ పెట్టి ఆ శబ్దం వినిపించండి. ఆయన చెవి ఇంకా పనిచేస్తుంది.

దాచే పద్ధతి గురించి రెండు ముక్కలు. టైరును కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నల్ల సంచిలో గాలి తీసి కట్టాలి. ఎండ పడకూడదు. ఫ్రీజరు, ఫర్నేసు, కంప్రెసరు పక్కన పెట్టకూడదు, మోటార్ల నుంచి వచ్చే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. ఏ టైరు ఏ చక్రానిదో సుద్దతో రాసుకోండి. రిమ్ముతో ఉన్నవి నిలబెట్టకూడదు, పడుకోబెట్టి నాలుగు వరకు పేర్చుకోవచ్చు. రిమ్ము లేనివే ఈ స్టాండుకు. నెలకోసారి కాస్త తిప్పితే ఒకే చోట నొక్కుకుపోవు.

ఇదంతా ఇక్కడి గ్యారేజీల సంగతి. అక్కడ గోదావరిఖనిలోని మన ఇళ్ళలో చాలావరకు గ్యారేజీలు లేవు. 8 ఇంక్లైన్ కాలనీలోనో, మార్కండేయ కాలనీలోనో ఇల్లున్నవాళ్ళు ఈసారి వెళ్ళినప్పుడు డాబా ఎక్కి చూడండి. స్కూటరువి, పాత కారువి, ఆటోవి, ఎప్పుడో పనికొస్తాయని దాచిన టైర్లు అక్కడే ఉంటాయి. మే నెల ఎండకు రబ్బరు పగుళ్ళు తేలుతుంది, జూన్ వానకు లోపల నీళ్ళు నిలుస్తాయి. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకు అంతకంటే అనువైన చోటు లేదు. చీకటిగా ఉంటుంది, గాలి తగలదు, నీళ్ళు త్వరగా ఆరవు. నీటి అంచుకు కాస్త పైన అది పెట్టే గుడ్లు ఎండలో నెలల తరబడి పొడిగా పడి ఉండి, మళ్ళీ వాన తగలగానే పిల్లలవుతాయి. నీళ్ళు పారబోసి టైరును అక్కడే వదిలేస్తే సరిపోనిది అందుకే. ఈ జాతికే చెందిన పులిచారల దోమ 1985లో హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు బయటపడింది. ఆసియా నుంచి ఓడల్లో వచ్చిన పాత టైర్లలోనే అది అమెరికా చేరింది.

అక్కడ కర్ర వద్దు, చెదలు పడుతుంది. పట్టణంలో ఏ వెల్డింగ్ షాపులోనైనా ఇవే కొలతలిచ్చి ఇనుప యాంగిల్‌తో చేయించండి, రెడాక్సైడ్ పూయించి, వరండాలో కప్పు కింద గోడకు బిగించండి. ఎక్కించే ముందు ప్రతి టైరు మీదా నాలుగంకెల తేదీ చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని. అంత పాతవి, పగుళ్ళు తేలినవి పాత సామాన్ల వాళ్ళకు ఇచ్చేయాలి, స్టాండు మీద చోటు వాటికి కాదు. అమ్మ అడ్డుపడుతుంది, ఉండనీ అంటుంది. డెంగీ సంగతి చెప్పి ఒప్పించి, ఆ టైర్లను ఆటో ఎక్కించేదాకా మీరు అక్కడే ఉండండి.